లూసిల్ బాల్ గురించి మీరు అడిగినవి

కిందటి నెల టీవీ హాస్యం మీద వచ్చిన ఒక ప్రశ్నకు జవాబిస్తూ అమెరికన్ నటి లూసిల్ బాల్ గురించి రెండు ముక్కలు రాశాను. ఆ రెండు ముక్కలకే ఇన్ని ఉత్తరాలు వస్తాయని ఊహించలేదు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం ఆమెకే. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా ఇస్తున్నాను.

మేడమ్, ఆమె పేరు నేను మీ శీర్షికలోనే మొదటిసారి చూశాను. మా తరం వాళ్లు ఆమె గురించి ఎందుకు తెలుసుకోవాలి?
డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

ఫ్రెండ్స్ లాంటి ఇంగ్లిష్ సీరియల్ ఏదో ఒకటి మీరు చూసే ఉంటారు. ఒక హాలు, ఒక సోఫా, నాలుగైదు పాత్రలు, ఎదురుగా కూర్చుని నవ్వే జనం. ఆ పద్ధతి గట్టిగా నిలదొక్కుకుంది 'ఐ లవ్ లూసీ' అనే షోతో. 1951 అక్టోబర్ 15న అమెరికాలోని సీబీఎస్ అనే టీవీ సంస్థలో మొదలైంది. సోమవారం రాత్రి వచ్చేది. అందులో లూసీగా వేసిన లూసిల్ బాల్‌కి అప్పటికి 40 ఏళ్లు. సినిమాల్లో పద్దెనిమిదేళ్లు కష్టపడినా పెద్ద తార కాలేకపోయిన మనిషి. ఆ షో నడిచిన ఆరు సీజన్లలో నాలుగు సీజన్లు దేశంలో మొదటి స్థానం దానిదే.

ఇవన్నీ రికార్డులు. నాకు ఆమె మీద ఇష్టం మాత్రం రికార్డుల వల్ల కలిగింది కాదు. నవ్వించడాన్ని ఆమె ఒక చేతిపనిలా నేర్చుకుంది, అలాగే చేసింది. చూసేవాళ్లకేమో ఆ క్షణంలో తోచినట్టు చేసేసినట్టుంటుంది. కింది జవాబుల్లో వీలైనచోటల్లా ఆ పని సంగతే చెబుతాను.

ఆమె బాల్యం కష్టంగా గడిచిందని ఎక్కడో చదివాను. నిజమేనా?
రిటైర్డ్ టీచర్, విశాఖపట్నం

నిజమేనండీ. 1911 ఆగస్టు 6న న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. నాన్న టెలిఫోన్ కంపెనీలో లైన్‌మన్. 1915లో టైఫాయిడ్‌తో పోయాడు. అప్పటికి లూసిల్‌కి మూడేళ్లు, తల్లి కడుపులో ఇంకో బిడ్డ. తర్వాత అమ్మ తరఫు తాతగారు ఫ్రెడ్ హంట్ నీడలో పెరిగింది. ఆయనకు నాటకాలన్నా, పాటలు గారడీలు కలిసిన వాడవిల్ ప్రదర్శనలన్నా పిచ్చి. మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లేవాడు.

ఆమెకి పదిహేనేళ్లున్నప్పుడు ఆ ఇంటి ఆవరణలో ఒక ప్రమాదం జరిగింది. పిల్లలు గురి చూసి కాల్చడం ఆడుకుంటుండగా పొరుగింటి అబ్బాయికి గుండు తగిలి కాళ్లు పడిపోయాయి. కేసయింది, తాతగారు ఓడిపోయారు, ఇల్లు పోయింది. ఇల్లు పోవడం అంటే ఏమిటో మీ వయసు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. తర్వాత డబ్బు విషయంలోనూ, తన చుట్టూ ఇంటివాళ్లంతా ఉండాలన్న విషయంలోనూ ఆమె పట్టుదలకు మూలం అక్కడే ఉందని నా నమ్మకం.

అంతకు కొంచెం ముందే న్యూయార్క్‌లో ఒక నటనా పాఠశాలలో చేరింది. అక్కడ ఆమెతోపాటు చదివిన అమ్మాయి, తర్వాత పెద్ద సినీతార అయిన బెట్టీ డేవిస్. టీచర్ల కళ్లన్నీ బెట్టీ మీదే. లూసిల్ మరీ బిడియస్తురాలని, ఫీజు దండగని తల్లికి కబురు పెట్టారు. ఇంటికి తిరిగొచ్చేసింది. మళ్లీ న్యూయార్క్ వెళ్లి హ్యాటీ కార్నెగీ దుస్తుల దుకాణంలో మోడల్‌గా చేరితే జబ్బు చేసి కాళ్లు పట్టేశాయి. మళ్లీ మామూలుగా నడవడానికి చాలా కాలం పట్టింది. అయినా మూడోసారి వెళ్లింది. ఒక సిగరెట్ కంపెనీ ప్రకటనల్లో కనిపించింది. అక్కడి నుంచి 1933లో హాలీవుడ్‌కి, ఒక ఎడ్డీ కాంటర్ సినిమాలో గుంపులో నిలబడే అమ్మాయిగా. కొన్ని వారాల పని అనుకుని వెళ్లి అక్కడే ఉండిపోయింది.

అన్ని సినిమాలు చేసి కూడా స్టార్ ఎందుకు కాలేదు? అందం తక్కువా?
కరీంనగర్ పాఠకుడు

అందానికేం తక్కువ లేదు బాబూ. ఇబ్బంది అక్కడే వచ్చింది. ఆర్‌కేఓ స్టూడియో, తర్వాత ఎంజీఎం, ఆమెను అందమైన అమ్మాయిగానే వాడుకున్నాయి. 1937లో వచ్చిన 'స్టేజ్ డోర్'లో కేథరిన్ హెప్‌బర్న్, జింజర్ రోజర్స్ లాంటి వాళ్ల మధ్య కూడా ఆమె మాట విసురు వేరుగా తెలుస్తుంది. 1942లో హెన్రీ ఫోండాతో చేసిన 'ది బిగ్ స్ట్రీట్'లో కాళ్లు చచ్చుబడిన స్వార్థపరురాలిగా వేసింది. వేయడానికి సాహసం కావాల్సిన పాత్ర, బాగా చేసింది. అయినా తక్కువ ఖర్చు చిత్రాలే ఎక్కువగా వచ్చేవి. 'బీ సినిమాల రాణి' అనేవారు.

ఎంజీఎంలో ఆమె గోధుమ రంగు జుట్టుకు మండే ఎరుపు వేశారు. అంతకన్నా పెద్ద మేలు ఇంకొకటి జరిగింది. మూకీల కాలం నాటి మహా హాస్యనటుడు బస్టర్ కీటన్ అప్పటికి అదే స్టూడియోలో హాస్య సన్నివేశాలకు సలహాలిచ్చే చిన్న ఉద్యోగంలో ఉన్నాడు. ఈమెలో ఉన్నది అందరికన్నా ముందు కనిపెట్టినవాళ్లలో ఆయనొకడు. చేతిలో వస్తువు పట్టుకుని నటించేటప్పుడు ఆ వస్తువును ఎంత సీరియస్‌గా తీసుకోవాలో ఆయన దగ్గర నేర్చుకుంది. ఆమె చేతిలో ఉన్న సీసాను గానీ, గరిటెను గానీ గమనిస్తే కీటన్ పాఠం కనిపిస్తుంది.

రేడియో ఇంకో బడి. 1948 నుంచి సీబీఎస్ రేడియోలో ఒక భార్యాభర్తల హాస్య కార్యక్రమం చేసింది. మొదట్లో మైకు ముందు స్క్రిప్టు పట్టుకుని బిగుసుకుపోయేదట. రచయిత, నిర్మాత జెస్ ఒపెన్‌హైమర్ ఆమె చేతిలో రేడియో హాస్యనటుడు జాక్ బెన్నీ షో టికెట్లు పెట్టి, వెళ్లి చూసి నేర్చుకో అన్నాడు. 37 ఏళ్ల వయసులో, అప్పటికే ఎన్నో సినిమాలు చేసిన నటి, వెళ్లి చూసి నేర్చుకుంది. ఎదురుగా ఉన్న జనం నవ్వుకి తగ్గట్టు మాట ఆపడం, ముఖం తిప్పడం అప్పుడు పట్టుబడింది.

భర్త కూడా అదే షోలో భర్తగా వేశాడటగా. వాళ్ల పెళ్లి గురించి రాయండి.
గృహిణి, విజయవాడ

ఆయన పేరు డెసి అర్నాజ్. క్యూబా దేశస్థుడు. తండ్రి సాంటియాగో నగర మేయర్. 1933 తిరుగుబాటులో ఆస్తి అంతా పోయి కుటుంబం అమెరికా చేరింది. డెసి బ్యాండ్‌లో పాడుతూ, డప్పు వాయిస్తూ పైకొచ్చాడు. 1940లో ఒక సినిమా సెట్లో కలుసుకున్నారు. అదే ఏడాది నవంబర్ 30న పెళ్లి. ఆమె అతనికన్నా ఆరేళ్లు పెద్ద.

పెళ్లయ్యాక ఇద్దరూ ఒకచోట ఉన్న రోజులు తక్కువ. ఆమె సెట్లో, అతను బ్యాండ్‌తో ఊళ్లు పట్టుకుని. అతని తాగుడు, ఆడవాళ్ల సంగతులు సరేసరి. 1944లోనే విడాకులకు వెళ్లి రాజీ పడింది. అందుకే సీబీఎస్ వాళ్లు రేడియో షోని టీవీకి మారుద్దామన్నప్పుడు ఆమె ఒక్కటే షరతు పెట్టింది: భర్తగా నా భర్తే వేయాలి. సీబీఎస్ ఒప్పుకోలేదు. ఈ అమెరికన్ అమ్మాయికి స్పానిష్ యాసలో మాట్లాడే క్యూబన్ మొగుడంటే జనం నమ్మరన్నారు. పదేళ్లుగా కాపురం చేస్తున్న జంటతో ఆ మాట అన్నారు చూడండి!

ఆమె వాదనకు దిగలేదు. 1950లో ఇద్దరూ కలిసి ఒక హాస్య ప్రదర్శన తయారు చేసుకుని ఊరూరా ఆడారు. జనం విరగబడి నవ్వారు. అదే జవాబు. అదే ఏడు ఇద్దరి పేర్లు కలిపి 'డెసిలూ' అనే సంస్థ పెట్టారు. నన్నడిగితే ఆమె జీవితంలో తీసుకున్న అతి ముఖ్యమైన నిర్ణయం అదే. కాపురాన్ని నిలబెట్టుకోవాలని మొదలుపెట్టిన పని టీవీ వ్యాపారం నడిచే తీరునే మార్చేసింది.

నేను వీడియో ఎడిటింగ్ చేస్తాను. మూడు కెమెరాల పద్ధతి ఆ షోతోనే వచ్చిందంటారు. కాస్త వివరంగా చెబుతారా?
హైదరాబాద్ నుంచి ఒక యువకుడు

మీ ప్రశ్నకు సంతోషం. కాస్త ఎక్కువే రాస్తాను.

1951లో అమెరికా టీవీ కార్యక్రమాలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి లైవ్‌గా వచ్చేవి. పశ్చిమ తీరం వాళ్లకు చూపించాలంటే టీవీ తెరకు ఎదురుగా ఒక ఫిల్మ్ కెమెరా పెట్టి తీసిన కాపీ పంపేవారు. దాన్ని కినెస్కోప్ అనేవారు. బొమ్మ మసకమసకగా ఉండేది. టీవీలున్న ఇళ్లు ఎక్కువగా తూర్పు వైపే. కాబట్టి న్యూయార్క్ వచ్చి చేయండి అన్నారు. ఈ ఇద్దరూ లాస్ ఏంజెలెస్ దగ్గర తమ ఇంట్లో ఉండి, పిల్లల్ని పెంచుకోవాలన్నారు. మొదటి బిడ్డ, కూతురు లూసీ 1951 జూలైలో, షో మొదలవడానికి మూడు నెలల ముందు పుట్టింది.

అయితే సినిమాలాగా 35 ఎంఎం ఫిల్మ్ మీద తీస్తాం, అప్పుడు తూర్పుకీ పడమరకీ ఒకే నాణ్యత ఉంటుంది కదా, అన్నారు. కానీ జనం ఎదురుగా లేకపోతే లూసిల్ నటన సగం అవుతుందని రేడియో రోజుల నుంచి అందరికీ తెలుసు. అంటే నాటకంలా ఏకబిగిన జరగాలి, సినిమాలా ఫిల్మ్ మీదకి ఎక్కాలి, జనానికి కెమెరాలు అడ్డం రాకూడదు. ఇది చేసిపెట్టడానికి డెసి పిలిచింది కార్ల్ ఫ్రోయిండ్‌ని. జర్మనీలో 'మెట్రోపోలిస్' అనే పేరున్న మూకీ సినిమా తీసిన ఛాయాగ్రాహకుడు ఆయన.

సినిమాలో అయితే ప్రతి షాట్‌కీ లైటు మారుస్తారు. ఇక్కడ మధ్య కెమెరా మొత్తం సీను తీస్తుంటే రెండు పక్కలవి దగ్గరి షాట్లు తీస్తున్నాయి, అన్నీ ఒకేసారి. అంటే ఒకే లైటింగు మూడింటికీ సరిపోవాలి. ఫ్రోయిండ్ దీపాలన్నీ పైన కట్టి, నీడలు పడకుండా వెలుగు సమంగా పరిచాడు. నేల మీద వైర్లు లేకపోవడంతో కెమెరాలు చక్రాల మీద అటూ ఇటూ జరిగేవి. తర్వాత మూడు ఫిల్ములనూ పక్కపక్కన నడిపి చూసుకుంటూ ఎడిట్ చేసేవారు. మీరిప్పుడు కంప్యూటర్‌లో మూడు ట్రాకులు పెట్టుకుని కోస్తారే, ఆ పనే. ఒకటికన్నా ఎక్కువ కెమెరాలు అంతకుముందూ కొందరు వాడారు. ఎదురుగా ప్రేక్షకులు, 35 ఎంఎం ఫిల్మ్, వారం వారం ఒక కథ, ఇవన్నీ కలిపి సజావుగా నడిపించిన ఘనత మాత్రం వీళ్లదే.

ఖర్చు పెరిగింది. సీబీఎస్ గునిసింది. అప్పుడు భార్యాభర్తలు తమ జీతం వారానికి 1,000 డాలర్లు తగ్గించుకుంటామని, బదులుగా తీసిన ఫిల్ముల మీద హక్కు తమకే ఇవ్వాలని అడిగారు. ఒకసారి చూపించేసిన కార్యక్రమాన్ని మళ్లీ ఎవరు చూస్తారన్న రోజులవి. ఇచ్చేశారు. 1957లో ఆ హక్కుల్నే సీబీఎస్ 40 లక్షల డాలర్లకు పైగా ఇచ్చి కొనుక్కుంది.

ఇంకొక్క మాట. ఆ షోలో వినిపించే నవ్వు అక్కడ కూర్చున్నవాళ్లదే. లూసీ ఏదైనా చిక్కులో పడబోతుంటే జనంలోంచి ఒక ఆడగొంతు 'అయ్యో' అన్నట్టు వినిపిస్తుంది. అది లూసిల్ వాళ్ల అమ్మ డీడీ గొంతు. ప్రతి షూటింగుకూ వచ్చి కూర్చునేది.

నేను నాటకాలు వేస్తాను. హాస్యం పుట్టుకతో రావాలంటారు. ఆమె విషయంలో మీ అభిప్రాయం?
రంగస్థల నటుడు, నెల్లూరు

పుట్టుకతో వచ్చినది ఆమెకి పెద్ద కళ్లు, సాగే ముఖం. మిగతాది రిహార్సలే. వారమంతా రిహార్సల్, ఒక సాయంత్రం జనం ముందు ఆట. లేచి నిలబడటం దగ్గర్నుంచి జారిపడటం దాకా అన్నీ ముందే లెక్కపెట్టుకునేది. రచయితలు మాడెలిన్ ప్యూ, బాబ్ కారల్ జూనియర్ విన్యాసాలన్నీ కాగితం మీద వివరంగా రాసేవారు. ఆడమనిషి చేయగలదా లేదా అని మాడెలిన్ ముందు తనే చేసి చూసేది.

1952లో వచ్చిన చాక్లెట్ ఫ్యాక్టరీ సీను తీసుకోండి. లూసీ, పక్కింటి ఎథెల్ పనిలో చేరతారు. బెల్టు మీద చాక్లెట్లు వస్తుంటాయి, ఒక్కోదానికీ కాగితం చుట్టి వదలాలి. ఒక్కటి చుట్టకుండా లోపలికి వెళ్లినా ఉద్యోగం ఊడుతుందని సూపర్‌వైజర్ హెచ్చరించి వెళ్తుంది. మొదట బెల్టు మెల్లగా నడుస్తుంది. ఇద్దరూ హాయిగా చుడుతుంటారు. వేగం పెరుగుతుంది. లూసీ ఒకటి నోట్లో వేసుకుంటుంది. ఇంకా పెరుగుతుంది. రెండు నోట్లో, రెండు టోపీలో, గుప్పెడు జాకెట్లో. సూపర్‌వైజర్ తిరిగొచ్చేసరికి బెల్టు ఖాళీగా ఉంటుంది. ఇద్దరూ బుగ్గలు ఉబ్బించుకుని బొమ్మల్లా నిలబడతారు. ఆమె మెచ్చుకుని, లోపలి వాళ్లతో బెల్టు ఇంకా స్పీడు చేయమంటుంది.

నేనా సీనుని సౌండు తీసేసి చూస్తుంటాను. మీరూ అలాగే చూడండి. లూసీ ఎక్కడా నవ్వించడానికి చేస్తున్నట్టుండదు. ఉద్యోగం పోతుందన్న భయం ఆమెది, అంతే. కళ్లు ఒకసారి బెల్టు మీద, ఒకసారి తలుపు మీద. చేతులు ఆ భయంతోనే కదులుతాయి. మనం నవ్వేది ఆ నిజాయితీకి. స్టేజీ మీద హాస్యపాత్ర వేస్తూ జనం వైపు చూసి నవ్వేవాళ్లు మన దగ్గర ఎక్కువ. వాళ్లందరికీ ఈ సీను చూపించాలనిపిస్తుంది నాకు.

అదే ఎపిసోడ్ మొదట్లో లూసీ పక్కన చాక్లెట్ ముంచుతూ కూర్చున్నావిడ నటి కాదు. నిజంగా చాక్లెట్ దుకాణంలో ఆ పని చేసే మనిషి. ఆమె ముఖంలో ఏ భావమూ ఉండదు, లూసీ తిప్పలు పడుతుంటే తన పని తను చేసుకుంటూ పోతుంది. నటికి నటి కాని మనిషిని జత చేయాలన్న ఆలోచన చూడండి, ఎంత గొప్పదో.

ఆ షోలో భార్య డబ్బు కోసం మొగుణ్ని బతిమాలుతుంది, తప్పు చేస్తే అతను చిన్నపిల్లను కొట్టినట్టు కొడతాడు. దాన్ని మీరు పొగడటం నాకు నచ్చలేదు.
కళాశాల అధ్యాపకురాలు, వరంగల్

మీ కోపం న్యాయమైనదే. కొన్ని ఎపిసోడ్లలో రిక్కీ (డెసి వేసిన భర్త పాత్ర) ఆమెను ఒళ్లో బోర్లా పడుకోబెట్టి కొట్టే సీన్లున్నాయి. అవి అప్పుడు నవ్వుకోసం రాశారు, ఇప్పుడు చూడటం కష్టం. వాటిని వెనకేసుకురాను.

కానీ మొత్తం కథ ఎటు నడుస్తుందో కూడా చూడండి. లూసీకి ప్రతివారం ఒకటే కోరిక: ఇంట్లో కూర్చోను, షోలో పాడతాను, ఉద్యోగం చేస్తాను, డబ్బు సంపాదిస్తాను. భర్త వద్దంటాడు. ఆమె వినదు. చివరికి ఓడిపోయినా వచ్చే సోమవారం మళ్లీ మొదలు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్యాక్టరీలకు వెళ్లిన అమెరికన్ ఆడవాళ్లను మళ్లీ వంటింట్లోకి పంపేసిన రోజులవి. ఆ టీవీల ముందు కూర్చున్న ఆడవాళ్లు లూసీ వైపే ఉన్నారని నేననుకుంటాను. పైగా తెర మీద జేబుఖర్చుకి బతిమాలే ఆవిడ, తెర వెనక ఆ షో యజమానుల్లో ఒకరు. ఈ రెండూ నేను కలిపే చూస్తాను. మీరు విడిగా చూస్తానంటే కాదనను.

గర్భంతో ఉండగానే నటించిందటగా?
ఒక తల్లి, అనంతపురం

అవునమ్మా, రెండో బిడ్డ కడుపులో ఉండగా. 1952లో అది చిన్న విషయం కాదు. షో ఆపేస్తారేమో అని అందరికీ టెన్షన్. వీళ్లు మాత్రం లూసీ పాత్రకి కూడా కడుపు పండిందని రాద్దామన్నారు. గర్భవతి అనే మాట మాత్రం తెరమీద పలకకూడదన్నారు సీబీఎస్ వాళ్లు. ఒక క్యాథలిక్ ఫాదర్, ఒక ప్రొటెస్టెంట్ పాస్టర్, ఒక యూదు రబ్బీ స్క్రిప్టులు చదివి ఓకే చేసేవారు. వాళ్లకేమీ అభ్యంతరకరంగా కనబడలేదు.

భర్తకు ఆ కబురు చెప్పే ఎపిసోడ్ ఒకటుంది. క్లబ్బులో పాడుతున్న అతని చేతికి చీటీ వస్తుంది, ఇక్కడున్న ఒక జంటకు బిడ్డ పుట్టబోతోంది, వాళ్లకోసం పాడమని. ఒక్కో బల్ల దగ్గరకూ వెళ్లి అడుగుతూ చివరికి భార్య దగ్గరకు వస్తాడు. అక్కడ ఇద్దరికీ నిజంగానే కన్నీళ్లొచ్చేశాయి. ఆ టేకే ఉంచేశారు.

1953 జనవరి 19న ఉదయం సిజేరియన్‌తో ఆమెకు కొడుకు పుట్టాడు. ఆ రాత్రే టీవీలో లూసీకి కొడుకు పుట్టాడు. సుమారు 4 కోట్ల 40 లక్షల మంది చూశారు. మర్నాడు ఐసెన్‌హోవర్ అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తే చూసినవాళ్లు 3 కోట్ల లోపే.

కమ్యూనిస్టు అని ఆమె మీద కేసు పెట్టారా?
ఖమ్మం పాఠకుడు

కేసు కాదు, విచారణ. ముందు చెప్పిన తాతగారు ఫ్రెడ్ హంట్ సోషలిస్టు. ఆయన్ని సంతోషపెట్టడానికి 1936లో ఇంటిల్లిపాదీ కమ్యూనిస్టు ఓటర్లుగా పేరు నమోదు చేయించుకున్నారు. 1953 సెప్టెంబర్‌లో అది బయటికొచ్చి పత్రికల్లో పెద్ద అక్షరాలతో పడింది. ఆ రోజుల్లో అంతకన్నా చిన్న ఆరోపణలకే ఎంతోమంది నటులకు, రచయితలకు పని లేకుండా పోయింది. కమ్యూనిస్టుల ఆరా తీసే అమెరికా చట్టసభ విచారణ కమిటీ ఆమె తప్పేమీ లేదని చెప్పింది. ఆ రాత్రి షూటింగుకి జనం వస్తారా, వచ్చి ఈలలు వేస్తారా అని భయపడుతుంటే డెసి ముందుకొచ్చి మాట్లాడాడు: లూసీలో ఎరుపంటూ ఉన్నది జుట్టు ఒక్కటే, అది కూడా అసలు రంగు కాదు. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆమె బతికిపోయింది. బతకలేనివాళ్లు చాలామంది ఉన్నారన్నది కూడా ఇక్కడే గుర్తుచేసుకోవాలి.

ఎథెల్‌గా వేసినావిడ గురించి ఒక్క ముక్క రాయరా? నాకు లూసీ కన్నా ఆమే ఇష్టం.
తెనాలి పాఠకురాలు

వివియన్ వాన్స్. టీవీ రంగంలో సహాయ నటికి ఇచ్చే ఎమ్మీ అవార్డు మొదట అందుకున్నది ఆమే. లూసీ ఎంత ఎగిరినా నేల మీద నిలబెట్టేది ఎథెలే. తనకన్నా 22 ఏళ్లు పెద్దవాడైన విలియం ఫ్రాలీకి భార్యగా వేయాల్సి రావడం ఆమెకు అసలు ఇష్టం లేదు. ఇద్దరికీ క్షణం పడేది కాదు. తెర మీద ఆ ఛాయ కనిపించదు. 1962లో లూసిల్ రెండో షో మొదలుపెట్టినప్పుడు, నా పాత్రకు నా పేరే పెట్టండి అని షరతు పెట్టి మరీ వచ్చింది.

స్టార్ ట్రెక్ ఆమె నిర్మించిందని మా అబ్బాయి అంటున్నాడు. నేను నమ్మలేదు.
కాకినాడ పాఠకుడు

మీ అబ్బాయి చెప్పింది నిజం. 1957లో డెసిలూ సంస్థ ఆర్‌కేఓ స్టూడియోలను 60 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొంది. ఒకప్పుడు ఆమె చిన్న వేషాలు వేసిన స్టూడియో అది. 1960లో విడాకులయ్యాయి. 1962లో మాజీ భర్త వాటా కూడా కొనేసి ఒంటిచేత్తో స్టూడియో నడిపింది. హాలీవుడ్‌లో అంత పెద్ద స్టూడియోకి అధిపతి అయిన మొదటి స్త్రీగా ఆమె పేరే చెబుతారు.

స్టార్ ట్రెక్, మిషన్ ఇంపాజిబుల్ సీరియల్స్ రెండూ డెసిలూవే. 1966లో మొదలయ్యాయి. ఖర్చు చూసి బోర్డు సభ్యులు వద్దన్నా ఆమె అండగా నిలిచింది. స్టార్ ట్రెక్ మొదటి పైలట్‌ని, అంటే నమూనా ఎపిసోడ్‌ని, ఎన్‌బీసీ అనే టీవీ సంస్థ తిప్పిపంపింది. రెండోది తీసి పంపారు. 1967లో స్టూడియోని 1 కోటి 70 లక్షల డాలర్లకు గల్ఫ్ అండ్ వెస్టర్న్ సంస్థకు అమ్మేసింది. లెక్కల పుస్తకాల ముందు కూర్చోవడం ఆమెకు ఎన్నడూ రుచించలేదు, నటించడమే కావాలి.

విడాకుల తర్వాత వాళ్లు మాట్లాడుకున్నారా? చివరి రోజులు ఎలా గడిచాయి?
న్యూజెర్సీ నుంచి ఒక తెలుగు పాఠకురాలు

మాట్లాడుకున్నారు. 1961లో ఆమె హాస్యకళాకారుడు గ్యారీ మోర్టన్‌ని పెళ్లి చేసుకుంది. డెసి కూడా మళ్లీ చేసుకున్నాడు. పిల్లలిద్దరూ తల్లి మూడో షో 'హియర్ ఈజ్ లూసీ'లో నటించారు. డెసితో స్నేహం చివరిదాకా ఉంది.

1986 ఆమెకు చాలా చేదు సంవత్సరం. 75 ఏళ్ల వయసులో 'లైఫ్ విత్ లూసీ' అనే కొత్త షో చేస్తే ఎనిమిది వారాలకే ఆపేశారు. నేను కొన్ని చూశాను. ఆమె సమయజ్ఞానం చెక్కుచెదరలేదు గానీ, ఆ వయసు మనిషి నిచ్చెన మీద వేలాడుతుంటే జనం నవ్వలేకపోయారు, పడిపోతుందేమోనని భయపడ్డారు. ఆమె బాగా కుంగిపోయింది. డిసెంబర్ 2న డెసి పోయాడు. కొద్ది రోజులకే వాషింగ్టన్‌లో ఆమెకు, పెద్ద కళాకారులకు ఇచ్చే కెనడీ సెంటర్ సత్కారం. చనిపోయే ముందు డెసి రాసిచ్చిన మాటలను నటుడు రాబర్ట్ స్టాక్ వేదిక మీద చదివాడు. ఐ లవ్ లూసీ అన్నది ఎప్పుడూ ఒట్టి షో పేరు కాదు అని ఉంది అందులో. పైన కూర్చున్న ఆమె ముఖం మీదకి కెమెరా వెళ్తుంది. ఆ వీడియో దొరుకుతుంది, చూడండి.

1989 మార్చిలో ఆస్కార్ వేదిక మీద బాబ్ హోప్ పక్కన నిలబడింది. ఏప్రిల్ 26న బృహద్ధమని చిట్లి కన్నుమూసింది. 77 ఏళ్లు.

మా అబ్బాయి బఫెలోలో ఉంటాడు. వేసవికి వెళ్తున్నాం. ఆమె ఊరు చూడొచ్చా?
రాజమహేంద్రవరం పాఠకులు

తప్పకుండా చూడండి. బఫెలో నుంచి జేమ్స్‌టౌన్‌కి కారులో గంటన్నర. లూసీ, డెసిల మ్యూజియం ఉంది, సెట్లు మళ్లీ అచ్చంగా కట్టిపెట్టారు. 2018 నుంచి జాతీయ హాస్య కేంద్రం కూడా అదే ఊళ్లో ఉంది. పక్కనే సెలోరాన్, ఆమె పెరిగిన పల్లె. అక్కడి పార్కులో 2009లో పెట్టిన విగ్రహం ఆమెలా లేదని ఊళ్లోవాళ్లూ అభిమానులూ గొడవ చేస్తే 2016లో ఆమె పుట్టినరోజున ఇంకొకటి పెట్టారు. రెండూ చూడండి, జనం ఎందుకు బాధపడ్డారో తెలుస్తుంది. ఆమె అస్థికలు కూడా జేమ్స్‌టౌన్ శ్మశానవాటికలో, అమ్మానాన్నల దగ్గరే ఉన్నాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి? 180 ఎపిసోడ్లు చూసే ఓపిక లేదు.
తిరుపతి, మెదక్, ఒంగోలు నుంచి ముగ్గురు పాఠకులు

మొదట చాక్లెట్ ఫ్యాక్టరీ. తర్వాత, ఆరోగ్య టానిక్ ప్రకటనలో నటిస్తూ, రిహార్సల్ పేరుతో చెంచాలకు చెంచాలు తాగి, అందులో 23 శాతం ఆల్కహాల్ ఉందని తెలియక తూలిపోయే ఎపిసోడ్. అదే వాక్యం ప్రతిసారీ కొంచెం కొంచెం ఎలా తప్పుతుందో గమనించండి. ఒకేసారి తాగుబోతు అయిపోదు, మెట్టు మెట్టుగా దిగుతుంది. మూడోది 1956లో వచ్చిన ఇటలీ ద్రాక్షతొట్టి ఎపిసోడ్. అందులో తొక్కే పోటీ కాస్తా తన్నులాట అవుతుంది.

2021లో నికోల్ కిడ్‌మన్ నటించిన ఆమె జీవితకథ ముందు చూడొద్దు. బాగానే ఉంటుంది గానీ, వేర్వేరు సమయాల్లో జరిగిన కమ్యూనిస్టు గొడవ, గర్భం సంగతి ఒకే వారంలో జరిగినట్టు పెట్టారు. ముందు అసలు మనిషిని చూశాక ఆ సినిమా చూస్తే ఏది ఎక్కడ కలిపారో మీకే తెలుస్తుంది.

మూడు ఎపిసోడ్లూ చూశాక నచ్చకపోతే, ఎందుకు నచ్చలేదో రాయండి. వచ్చే నెల ఆ ఉత్తరాలే ముందు వేస్తాను.